వారానికి ఎనిమిదో రోజు

ప్రశ్న: నమస్కారమండీ. మేము పదకొండేళ్లుగా ఒహాయోలో ఉంటున్నాం, గ్రీన్ కార్డు ఉంది. మా వారు ఒక గిడ్డంగిలో షిఫ్టు సూపర్‌వైజరు, నేను పిల్లల డే కేర్‌లో పనిచేస్తాను. మా అమ్మాయి పక్క రాష్ట్రంలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదువుతోంది, ఇప్పుడు రెండో ఏడు. మొదటి ఏడాది మొత్తం ఖర్చు 82,000 డాలర్లు. విశ్వవిద్యాలయం గ్రాంటు 54,500, అప్పు 3,500, క్యాంపస్‌లో పని చేసి సంపాదించుకునేది 2,000, మిగిలిన 22,000 మేము కట్టాం. ఈ వేసవిలో ఒక ఉత్తరం వచ్చింది. ఎవరో దంపతుల పేరు మీద ఉన్న 18,000 డాలర్ల స్కాలర్‌షిప్పుకు మా అమ్మాయిని ఎంపిక చేశారట. ఇండియాకు ఫోన్లు చేసి అందరికీ చెప్పుకున్నాం. తీరా కొత్త లెక్క చూస్తే పై వరుసలో ఆ 18,000 ఉంది, దాని కింద పాత గ్రాంటు 38,000కు తగ్గిపోయి ఉంది. మొత్తం ఖర్చు 85,000 అయింది, అప్పు 4,500 అయింది, మేము కట్టాల్సింది 22,500. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం కాదా ఇది? పైగా ఆ దాతలకు కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం, ఫొటో పంపమన్నారు. అమ్మాయి రాయనంటోంది. తెనాలిలో మా మామగారు ‘దానం సొమ్ముతో చదువేమిటమ్మా’ అని నొచ్చుకున్నారు. ఇక్కడి తెలుగు సంఘం వాళ్లు 3,000 డాలర్ల స్కాలర్‌షిప్పుకు దరఖాస్తులు పిలిచారు. దాని గతీ ఇంతేనా? అయితే పెట్టడమెందుకు?
— ఒక తల్లి, ఒహాయో

సమాధానం: అమ్మా, మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. కానీ ఆ ఉత్తరం రాసినవాళ్లు ఒక వాక్యం మింగేశారు. నేను ఒక విశ్వవిద్యాలయం ఆర్థిక సహాయ కార్యాలయంలో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరైనదాన్ని. ఆ వాక్యాన్ని నేనూ చాలాసార్లు మింగాను. అదేమిటో చెప్పే ముందు మా తాతగారి సంగతి వినండి.

తాతగారు రాజమండ్రిలో వారాలు చేసుకుని చదువుకున్నారు. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. ఊరు కాని ఊళ్లో చదువుకునే పేద కుర్రాడికి వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇల్లు అన్నం పెట్టేది. తాతగారికి సోమవారం ఒక ప్లీడరుగారిల్లు, బుధవారం ఒక బడిపంతులుగారిల్లు, గురువారం ఒక ముసలావిడ ఇల్లు. ఆవిడకు తన పూటే గడవని రోజులు. రెండో ఏడు ఒక కలప వ్యాపారి ఈయన్ని చూసి ‘గురువారాలు మా ఇంటికి రా’ అన్నాడు. అక్కడ నెయ్యి, రెండు కూరలు, గడ్డ పెరుగు. అయితే తాతగారికి వారంలో ఎనిమిదో రోజేమీ పుట్టుకురాలేదు. గురువారం ఇల్లు మారిందంతే. ముసలావిడ వేసే విస్తరి ముందు అమలాపురం నుంచి వచ్చిన ఇంకో కుర్రాడు కూర్చున్నాడు.

మీకు వచ్చిన 18,000 ఆ కలప వ్యాపారి గురువారం. మీకు ఎవరూ చెప్పని వాక్యం ఇదే: ‘ఈ స్కాలర్‌షిప్పు మీ అమ్మాయికి ఇప్పటికే నిర్ణయమైన గ్రాంటులో ఒక భాగాన్ని భరిస్తుంది, దానికి అదనం కాదు.’ ఇంత చిన్న మాట రాస్తే మీరు తెనాలికి ఫోను చేసేవారే, కాకపోతే వేరే కబురు చెప్పేవారు. ఎందుకు రాయరంటే, ఉత్తరం పంపేది దాతలతో సంబంధాలు చూసుకునే విభాగం, లెక్క కట్టేది ఆర్థిక సహాయ విభాగం. ఒకరిది పెళ్లి భాష, ఇంకొకరిది పద్దు భాష.

పద్దు ఎలా తయారవుతుందో చూడండి. ఫెడరల్ సహాయం కోసం నింపే ఫాఫ్సా ఫారంలోనూ, చాలా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్‌లోనూ మీరిచ్చిన ఆదాయం, పొదుపు చూసి మీరు ఎంత కట్టగలరో ముందు తేలుస్తారు. మీ విషయంలో అది 22,500. ఖర్చు 85,000 లోంచి అది తీసేస్తే మిగిలేది 62,500, దీన్నే ‘అవసరం’ అంటారు. అందులో అప్పు 4,500, పని 2,000 పోను 56,000 గ్రాంటు రావాలి. ఇక్కడితో మీ అమ్మాయి విస్తరి పరిమాణం ఖాయమైపోయింది. అందులో ఎవరు వడ్డించాలన్నది తరువాతి సంగతి. వేసవిలో కార్యాలయంలో కూర్చుని వందల నిధుల జాబితా ఒక వైపు, విద్యార్థుల జాబితా ఒక వైపు పెట్టుకుని జతలు కలుపుతారు. నేను చేసిన పని అదే. ఏ నిధి షరతులకు ఎవరు సరిపోతారో చూసి, ఆ నిధిని వారి గ్రాంటులోకి ఎక్కిస్తాం, అంత మేరకు సాధారణ గ్రాంటు తగ్గిస్తాం. 18,000కు 38,000 కలిపితే 56,000. నిరుడు 54,500. అంటే నిజంగా పెరిగింది 1,500.

అప్పు పెరిగిందన్నారు. దానికీ ఈ స్కాలర్‌షిప్పుకూ సంబంధం లేదు. చదువుకునే కాలంలో వడ్డీ పడని ఫెడరల్ అప్పు మొదటి ఏడాది 3,500 వరకే ఇస్తారు, రెండో ఏడాదికి ఆ పరిమితి 4,500 అవుతుంది. పరిమితి పెరిగింది కదా అని మీ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని అంచుదాకా నింపారు. నాకు నచ్చని అలవాటు ఇది, కానీ తప్పు కాదు.

ఇంతకీ దాతల డబ్బును ముందు ఎందుకు వాడతారు? బస్సు పాసు చేతిలో ఉన్నప్పుడు పాసు చెల్లే చోట పాసే వాడతాం, నోట్లు ఆటోకు దాచుకుంటాం. దాతల నిధి పాసు లాంటిది, అన్ని చోట్లా చెల్లదు. నిధి పెట్టేటప్పుడు దాతకూ విశ్వవిద్యాలయానికీ ఒప్పంద పత్రం ఉంటుంది. ఫలానా జిల్లా పిల్లలకని, నర్సింగు చదివేవారికని, ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కినవారికని అందులో రాసుకుంటారు. పెన్సిల్వేనియాలోని జునియాటా కళాశాలలో ఎడమచేతివాటం వాళ్ల కోసం ఒక నిధి ఉంది. షికాగోలోని లయోలా విశ్వవిద్యాలయంలో జోల్ప్ అనే ఇంటిపేరున్న క్యాథలిక్కుల కోసం ఒకటి ఉంది. మన ఇంటిపేర్లకు కూడా ఎవరైనా ఒకటి పెడితే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను, పెట్టే స్తోమతు లేక ఊరుకున్నాను. మీ అమ్మాయి జీవశాస్త్రం తీసుకుంది కాబట్టో, ఒహాయో పిల్ల కాబట్టో ఆ దంపతుల నిధికి సరిపోయి ఉంటుంది. షరతులున్న డబ్బును సరిపోయినవాళ్లకు ఇచ్చేస్తే, షరతుల్లేని డబ్బు ఏ నిధికీ సరిపోని పిల్లలకు మిగులుతుంది. మీ పద్దులోంచి జారిన సాధారణ గ్రాంటు అలా ఇంకో విద్యార్థి విస్తట్లోకి వెళ్లింది.

ఆ దంపతులు బహుశా ఏటా 18,000కు చెక్కు రాయడం లేదు. అలా రాసేవాళ్లూ ఉంటారు, వాళ్లు మానేస్తే ఆ స్కాలర్‌షిప్పు మరుసటి ఏడాది ఉండదు. మీది మాత్రం శాశ్వత నిధి అయ్యే అవకాశమే ఎక్కువ. గుడిలో శాశ్వత పూజకు డబ్బు కడితే అసలును ముట్టుకోకుండా వడ్డీతో ఏటా మన పేరున పూజ చేస్తారు చూడండి, అదే పద్ధతి. తేడా ఏమిటంటే ఇక్కడ అసలును షేర్లలో, బాండ్లలో పెడతారు. అది పెరుగుతుంది, పడుతుంది. అందుకని గత కొన్నేళ్ల సగటు విలువ కట్టి, అందులో నూటికి నాలుగు, అయిదు వంతులే ఏటా ఖర్చు చేస్తారు. నూటికి నాలుగున్నర అనుకుంటే 18,000 రావడానికి 4,00,000 డాలర్ల అసలు ఉండాలి. మీరు ‘లాక్కున్నారు’ అన్న డబ్బు వెనక అంత మూట ఉంది. ఆ పత్రంలో రాసిన షరతును విశ్వవిద్యాలయం తన ఇష్టానికి మార్చలేదు. మార్చాలంటే దాత ఒప్పుకోవాలి, లేదా కోర్టుకు వెళ్లాలి. దాత కూడా ‘ఫలానావారి అమ్మాయికి ఇవ్వండి’ అని పేరు చెప్పడానికి లేదు. అలా చెబితే అది దానం కింద లెక్కకు రాదు, పన్ను మినహాయింపు పోతుంది.

ఈ నియమం వెనక పాత కథ ఒకటి ఉంది. అమెరికాలో మొదటి స్కాలర్‌షిప్పు నిధి 1643లో లండన్ నుంచి ఆన్ రాడ్‌క్లిఫ్ మౌల్సన్ అనే ఆవిడ హార్వర్డ్‌కు ఇచ్చిన 100 పౌండ్లు. దాని మీద వచ్చే రాబడితో ఒక పేద విద్యార్థిని పోషించాలని రాశారు. అయితే ఆ విరాళం పోగుచేసిన థామస్ వెల్డ్ అనే మతగురువు, తన కొడుకు జాన్ డిగ్రీ పూర్తి చేసేదాకా ఆ డబ్బు అతనికే వెళ్లాలని పత్రంలో చేర్పించాడు. మరుసటి ఏడాదే ఆ అబ్బాయి ఇళ్లలో దొంగతనం చేసి పట్టుబడి కళాశాలకు దూరమయ్యాడు. ఆ 100 పౌండ్లేమో కాలనీ ఖజానాలో కలిసిపోయి చాలా ఏళ్లు దాత అనుకున్న పనికి అందలేదు. మీలాగే ‘ఆ డబ్బు ఎటు పోయింది’ అని అడిగే మనుషులు ఉండబట్టే ఇప్పుడు ఇన్ని పత్రాలు, ఇన్ని ఆడిట్లు. హార్వర్డ్‌కు అనుబంధంగా మహిళల కోసం ఏర్పడిన రాడ్‌క్లిఫ్ కళాశాలకు 1894లో ఆవిడ పేరే పెట్టారు.

‘మరి ఇల్లు మారడమే తప్ప విస్తరి పెరగదంటే దాత ఇచ్చిన ప్రయోజనమేమిటి’ అని మీకు అనిపించవచ్చు. ఒక్క పద్దు చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. వంటశాల మొత్తం చూడాలి. వ్యాపారవేత్త మైఖేల్ బ్లూంబర్గ్ 2018లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి విద్యార్థుల ఆర్థిక సహాయం కోసమే 180 కోట్ల డాలర్లు ఇచ్చాడు. దాంతో ఆ విశ్వవిద్యాలయం ప్రవేశాలప్పుడు డబ్బున్నదా లేదా అని చూడటం శాశ్వతంగా మానేసింది, సహాయంలో అప్పుల స్థానంలో గ్రాంట్లు పెట్టింది. అక్కడ చదివిన ఆ పెద్దమనిషి డిగ్రీ అయిన తరువాత మొదటిసారి ఇచ్చింది 5 డాలర్లు. ఇంకోటి మన దేశపు పిల్లలకు నేరుగా పనికొచ్చేది. టాటా ట్రస్టు 2008లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి భారత పౌరుల స్కాలర్‌షిప్పుల కోసం 2.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఎప్పుడు చూసినా సుమారు 20 మంది దాని మీద చదువుతుంటారు. కార్నెల్ విదేశీ విద్యార్థుల విషయంలో ఎవరికెంత సహాయం కావాలో చూసుకుని సీటు ఇస్తుంది. కాబట్టి అక్కడ ఈ నిధి నిజంగానే కొత్త విస్తరి వేసింది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇది చదివే పిల్లలు గుర్తుంచుకోవలసింది, దానికి వేరే దరఖాస్తు లేదు. ప్రవేశానికి దరఖాస్తు పెట్టేటప్పుడే ఆర్థిక సహాయం కావాలని అడగాలి. ‘ముందు సీటు రానీ, తరువాత అడుగుదాం’ అని మొహమాటపడి దెబ్బతిన్నవాళ్లను చూశాను.

అన్ని చోట్లా పద్దు మీ పద్దులా నిండదు. మీ విశ్వవిద్యాలయం అవసరం మొత్తాన్నీ పూరించే రకం, అది మీ అదృష్టం. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, చిన్న ప్రైవేటు కళాశాలల్లో కుటుంబం కట్టగలిగేదీ, సహాయమూ కలిపినా ఏడెనిమిది వేలు ఖాళీ మిగులుతుంది. అలాంటి చోట దాత స్కాలర్‌షిప్పు వచ్చినప్పుడు అది ముందు ఆ ఖాళీని పూడ్చాలి, తరువాత అప్పును తగ్గించాలి. ఖాళీని అలాగే ఉంచి గ్రాంటును కోస్తే, అప్పుడు మీ మాటే నిజం. అడిగి పోట్లాడాలి. కార్యాలయం తలుపు తట్టి, ఉన్న కాగితాలన్నీ పెట్టి, పునఃపరిశీలన కోరాలి. మనవాళ్లు ఫీజు దగ్గర బేరమాడతారుగానీ సహాయం దగ్గర నోరెత్తరు. నిజానికి ఎత్తాల్సింది అక్కడే.

హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు కూడా తరచూ అడుగుతుంటారు. ఫెడరల్ సహాయం వాళ్లకు రాదు. దాతల నిధులకు మాత్రం ఆ చట్టం అడ్డు కాదు, ఆ విశ్వవిద్యాలయం నియమాలను బట్టి, ఆ నిధి పత్రంలో ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది. అడగాలి.

మీరిప్పుడు చేయాల్సింది, అమ్మాయి చేత ఆర్థిక సహాయ కార్యాలయానికి ఒక మెయిలు రాయించడం. ‘వచ్చే ఏడాది ఈ నిధి నాకు రాకపోతే ఆ 18,000 మేరకు సాధారణ గ్రాంటు తిరిగి వస్తుందా?’ ఇది అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న. అవసరం మొత్తం పూరించే చోట సాధారణంగా వస్తుందనే చెబుతారు, కానీ ఆ మాట రాతలో ఉండాలి. మార్కుల షరతు ఏదైనా ఉందేమో కూడా అడగమనండి. పాత గ్రాంటుకు లేని షరతు ఈ నిధికి ఉండవచ్చు. కొన్నింటికి మార్కుల్లో 4కు 3.0 సగటు ఉండాలంటారు, ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివే ఏడాదిలో అది చిన్న విషయం కాదు. పన్ను సంగతికి భయపడకండి. ట్యూషన్, ఫీజులు, తప్పనిసరి పుస్తకాలకు పోయే గ్రాంటు మీద పన్ను లేదు, హాస్టలుకూ భోజనానికీ పోయే దాని మీద ఉంటుంది. మీ అమ్మాయి ట్యూషన్, ఫీజులు, పుస్తకాలు కలిపి 56,000 దాటితే కట్టాల్సిందేమీ ఉండదు.

తెలుగు సంఘం 3,000కు తప్పకుండా పెట్టించండి. బయటి నుంచి వచ్చిన స్కాలర్‌షిప్పును విశ్వవిద్యాలయానికి చెప్పి తీరాలి, దాచకూడదు. మొత్తం సహాయం మొత్తం ఖర్చును దాటకూడదు, అవసరాన్ని బట్టి ఇచ్చేదాన్ని అవసరం మేరకే ఇస్తారు కాబట్టి వాళ్లు ఏదో ఒకటి తగ్గిస్తారు. చాలా చోట్ల ముందు తగ్గించేది అప్పును, పనిని. మీ 4,500 అప్పు 1,500 అయిందంటే ఆ 3,000 అచ్చంగా మీదే. కొందరు మాత్రం నేరుగా గ్రాంటునే కోస్తారు. దీని మీద అల్లరి జరిగి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అలా కోయడాన్ని కట్టడి చేస్తూ 2017లో మేరీల్యాండ్ మొదటి చట్టం చేసింది, తరువాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మీ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ‘బయటి స్కాలర్‌షిప్పులు’ అన్న పేజీ చూడండి, అక్కడ ఏ క్రమంలో తగ్గిస్తారో రాసి ఉంటుంది.

ఇక మీ మామగారి మాట. తెనాలిలో మనిషికి నొప్పి కలిగినందుకు నేను తప్పు పట్టను. కానీ ఆయనతో ఒక మాట అనండి. మీ అమ్మాయి కూర్చునే గ్రంథాలయం గోడ మీద ఎవరి పేరు ఉంది? ఆమె ప్రయోగశాల పేరు ఎవరిది? పాఠం చెప్పే ప్రొఫెసరు పదవికి ముందు ఎవరి పేరు తగిలించి ఉంది? 85,000 నగదుగా కట్టే కోటీశ్వరుడి కొడుకు కూడా అదే గ్రంథాలయంలో, అదే దాత కుర్చీలో కూర్చుంటున్నాడు. అతనికి ఉత్తరం రాయమని ఎవరూ చెప్పలేదు, అంతే తేడా. మన గుళ్లో సీలింగు ఫ్యాను రెక్క మీద దాత పేరు ఉంటుంది, ఆ గాలి అందరికీ తగులుతుంది.

అమ్మాయి రాయనంటోందంటే, బహుశా తమ బీదతనం గురించి రాయాల్సి వస్తుందనుకుంటోంది. అక్కర్లేదు. నాన్న షిఫ్టుల గురించి, అమ్మ నడుంనొప్పి గురించి ఒక్క ముక్క కూడా రాయనవసరం లేదు. విద్యార్థికి వచ్చే సహాయం వివరాలను ఆమె అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 1974 నుంచి ఫెర్పా అనే చట్టం ఉంది. ఫొటో ఇష్టమైతేనే ఇవ్వవచ్చు, కథ ఆమె చెప్పినంత వరకే. ఉత్తరం మాత్రం రాయమనండి. కొన్ని నిధులకు అది షరతు కూడా, రాయకపోతే డబ్బు విడుదల ఆగిపోతుంది.

నా కాలంలో ఉత్తరాలన్నీ ముందు నా బల్ల మీదికి వచ్చేవి. నూటికి తొంభై ఒకేలా ఉండేవి. ‘మీ ఔదార్యానికి సదా కృతజ్ఞురాలిని’, అంతే. ఒక ఏడాది ఒక కుర్రాడు రెండు పేజీలు పుట్టగొడుగుల గురించి రాశాడు. కుళ్లిన దుంగ మీద తాను కనిపెట్టిన ఒక రకం ఏమిటో తేల్చడానికి ఎన్ని రోజులు పట్టిందో, అది చివరికి అందరికీ తెలిసిన మామూలు రకమే అయినందుకు ఎంత నవ్వుకున్నాడో రాశాడు. థాంక్స్ చెప్పడం చివరి వాక్యంలో గుర్తొచ్చింది. ఆ నిధి పెట్టినావిడకు ఎనభై దాటాయి, భర్త పేరు మీద పెట్టారు. మరుసటి ఏడాది విందుకు వచ్చినప్పుడు ఆ రెండు పేజీలు చేతిసంచిలో మడత పెట్టుకుని తెచ్చారు. ‘మా ఆయన కూడా ఇలాగే విసిగించేవాడు’ అన్నారు. మీ అమ్మాయికి ప్రయోగశాలలో ఏది నచ్చిందో, ఏది చేతకాలేదో రాయమనండి. మీరు దిద్దకండి, ఇంగ్లీషు మరీ నున్నగా అయిపోతుంది. పేరు ఎలా పలకాలో ఒక ముక్క చేర్చమనండి, విందులో అవతలివాళ్లు అవస్థ పడకుండా ఉంటారు.

ఆ విందుకు పిలుపు వసంతకాలంలో రావచ్చు, వెళ్లమనండి. శాకాహారమైతే వారం ముందే చెప్పాలి, లేకపోతే సలాడ్ ఆకులు, ఒక రొట్టె ముక్కతో సరిపెట్టేస్తారు.